ముడి లేని తీగ

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మునీర్ రేడియో షాపంటే తెలియనివాళ్లు లేరు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఎనిమిదడుగుల గది, దాని మధ్యలో ఒక ఆకుపచ్చ పరదా. పరదాకు ఇవతల నల్ల కళ్లద్దాలు పెట్టుకొని మునీర్ సాబ్ స్టూలు మీద కూర్చునేవాడు. అవతల ఆయన కూతురు అష్రఫున్నీసా సాల్డరింగ్ ఇనుము పట్టుకొని కూర్చునేది. ఎవరైనా కొత్త గిరాకీ వచ్చి "మెకానిక్ ఎవరు?" అని అడిగితే మునీర్ సాబ్ గొంతు సవరించుకొని "నేనే" అనేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా పరదా వెనుక ఇనుము కాస్త గట్టిగా నొక్కుకునేది.

సంగతేమిటంటే, మునీర్ సాబ్‌కు ఆరేళ్లుగా చూపు లేదు. కంటి నరం ఎండిపోయిందని పట్నం డాక్టరు చెప్పాడు. ఈ సంగతి ఇంట్లో ఇద్దరికి, పైనున్న అల్లాకు తప్ప ఎవరికీ తెలియదు. చూపు లేని మెకానిక్ దగ్గరికి ఎవరొస్తారు? పోనీ, పాతికేళ్ల ఆడపిల్ల చేతికి రేడియో ఎవరిస్తారు? అందుకని తండ్రి ముందు కూర్చున్నాడు, బిడ్డ వెనుక కూర్చుంది. పెట్టె బాగుచేశాక మూత లోపల పెన్సిలుతో మెకానిక్ పేరు, తారీఖు రాయడం మునీర్ సాబ్ తన ఉస్తాదు దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఆరేళ్లుగా ఆ పేరు రాసేది కూడా అష్రఫే. రాసేది మాత్రం "మునీర్" అని. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ ఆ సోకు కన్నతండ్రిది కాబట్టి పిల్ల నోరు మూసుకుంది.

ఆ తండ్రీబిడ్డలకు ఇంకో పద్ధతి కూడా ఉంది. తీగలకు దారం ముడులు వేయడం. మునీర్ సాబ్‌కు పని మీద ప్రాణం; కళ్లు పోయినా వేళ్లు ఊరుకోవు. అందుకని అష్రఫ్ ప్రతి తీగకు రెండు కొసలా దారం కట్టి ముడులు వేసేది. కరెంటు తీగకు లావు జనుపదారం, శబ్దానికీ బొమ్మకూ పోయే తీగలకు సన్నని పట్టుదారం. ఎన్నో తీగ అయితే అన్ని ముడులు. ఆయన వేళ్లతో తడిమి "ఇది జనుపదారం, రెండు ముడులు" అని చదివేవాడు. ఒక్కసారీ తప్పు పోలేదు.

ఎనభై అయిదో సంవత్సరం వానాకాలం చివర తాండూరు నుంచి దశరథం సేటు వచ్చాడు. ఆయనకు కందిపప్పు మిల్లుంది. కొత్తగా కట్టిన ఇంట్లో రంగుల టీవీ, వీసీఆర్, ఆంప్లిఫయర్, టేపు డెక్కు, స్టెబిలైజరు, రెండు స్పీకర్ల డబ్బాలు, అన్నీ కొని తెచ్చి హాల్లో పడేశాడు. తీగలేమో నేలంతా పొట్లపాదులా అల్లుకున్నాయి.

"మునీర్ సాబ్, అన్నీ ఒక్క బీరువల కూసోవాలె. టేకు చెక్కది చేపిస్తున్న. తీగ ఒక్కటి గూడ కనపడొద్దు. దసర నాడు ఊరి పెద్దమనుషులందరిని పిలుస్త. పట్నంల గూడ గసొంటిది లేదనాలె."

"అయితది సేటు," అన్నాడు మునీర్ సాబ్.

సేటు వెళ్లాక అష్రఫ్ పరదా పక్కకు లాగి తండ్రి ముందు నిలబడింది. "రేడియో అంటే పరదా ఎన్క చేస్త. గీ బీరువను ఏడ దాచిపెట్టి చెయ్యాలె అబ్బా?"

"మనిద్దరం పోదాం. కరెంటు పని, ఎవ్వరు లోపటికి రావొద్దని తలుపు మూపిద్దాం. నువ్వు సామాను అందిస్తున్నవనుకుంటరు."

"ఎన్ని రోజులు గిట్ల?"

మునీర్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకు ఆ అద్దాలు తుడవాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

తాండూరులో వడ్రంగి జంగప్ప వాళ్లకోసం ఎదురుచూస్తున్నాడు. సేడం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మాటల మధ్య కన్నడం దొర్లుతుంది, చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది. బీరువా చేసి నునుపు పట్టించాడు. నాలుగు అరలు, ముందు అద్దం తలుపులు. అష్రఫ్ ఒక చూపు చూసి, "వెనక చెక్క తియ్యాలె. ప్రతి అరకు రెండు పక్కల తొర్రలు పెట్టాలె," అంది.

జంగప్పకు కోపం వచ్చింది. "నిగనిగలాడే టేకుకు తొర్రలా? ఎలుకలు గూడ గట్ల పెట్టవు తల్లీ."

"తొర్ర లేకుంటే తీగ ఎట్ల పోతది? వెనక మూసి ఉంటే వేడి ఎట్ల బయటికి పోతది? మూసిపెట్టి అన్నం వండుతమా అందులో?"

జంగప్ప కాసేపు గొణిగాడు. తర్వాత మునీర్ సాబ్ వైపు చూశాడు. ఆయన గోడ వైపు తిరిగి కూర్చొని తల ఊపుతున్నాడు. జంగప్ప చూపు మళ్లీ పిల్ల మీదికి వచ్చింది. వడ్రంగికి చెయ్యి చూస్తే పనివాడెవడో తెలిసిపోతుంది. ఉలి తీసుకొని, "ఎంత పెద్ద తొర్ర?" అని అడిగాడు, ఆ పిల్లనే.

నాలుగు రోజులు పట్టింది. అష్రఫ్ బరువుగా ఉండే స్టెబిలైజర్‌ను కింది అరలో పెట్టింది. వేడెక్కే ఆంప్లిఫయర్‌ను ఒంటరిగా ఒక అరలో కూర్చోబెట్టింది. వీసీఆర్‌ను దాని నెత్తిన పెట్టలేదు, పెడితే క్యాసెట్టు ఉడుకుతుంది. కరెంటు తీగలన్నీ ఎడమ పక్క నిలువు చెక్కల వెంట దింపింది, శబ్దం తీగలన్నీ కుడి పక్క నిలువు చెక్కల వెంట దింపింది. రెండూ కలిసి నడిస్తే స్పీకర్లో గుర్రుమంటుంది. అత్తాకోడళ్ల లాంటివి, ఎడం ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మైనం పట్టించిన దారంతో జానెడుకొక కట్టు కట్టింది. పెట్టెను ముందుకు లాగితే తీగ తెగకుండా ప్రతిదానికీ మూరెడు వదులు పెట్టి చుట్టింది. మొత్తం పదకొండు తీగలు. జనుపదారంవి నాలుగు, పట్టుదారంవి ఏడు. చివరి రోజు మునీర్ సాబ్‌ను బీరువా వెనక్కి తీసుకుపోతే ఆయన మోకాళ్ల మీద కూర్చొని ఒక్కొక్క తీగ తడిమి, ఒక్కొక్క ముడి లెక్కపెట్టి, "సుభానల్లా" అన్నాడు. ఆ ఒక్క మాటకు అష్రఫ్‌కు కడుపు నిండింది, కళ్లు కూడా నిండాయి. కానీ ఆ మాట తలుపు మూసిన గదిలోనే అన్నాడు. అది మాత్రం కడుపులో ముల్లులా ఉండిపోయింది.

"పేరు దసర నాడు రాద్దురు," అన్నాడు సేటు ఆ సాయంత్రం. "అందరి ముందట మునీర్ సాబ్ పేరు రాయాలె. శాలువ తెప్పించిన."

దసరా మధ్యాహ్నం, జమ్మికి పోయే ముందే జనం వచ్చేశారు. బజారు పెద్దలు, పప్పు వ్యాపారులు, వాళ్ల ఆడవాళ్లు, హాలంతా నిండిపోయింది. సేటు భార్య ఇందిరమ్మ బీరువాకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. మొదట జంగప్పకు పంచెల చాపు, తాంబూలం ఇచ్చారు. చేసిన పనికి చేసినవాడి చేతిలోనే పెట్టాలని ఆ ఇంటి ఆచారం. తర్వాత పెద్ద కూతురి పెళ్లి క్యాసెట్టు పెట్టి మీట నొక్కారు.

ఏమీ రాలేదు. ఎర్రదీపం కూడా వెలగలేదు.

"వైర్లు తీసిన గదా," అంది ఇందిరమ్మ, అదేమంత సంగతి కాదన్నట్టు. "ఆయుధ పూజ నాడు పనిముట్టుకు కట్లు ఉండొద్దు. మా మిల్లుల పట్టాలు గూడ విప్పుతం, తరాజు తాళ్లు గూడ విప్పుతం. గీడ ఏవో దారాలు, ముడులు మస్తుగ కట్టి ఉన్నయి. ముడి ఉంటే పూజ ముట్టదు. అన్నీ కత్తెరతోటి తీసేసి, వైర్లు తుడిచి, మంచిగ కట్ట కట్టిపెట్టిన."

ఆ తల్లిని ఏమనగలం? భక్తితో చేసింది, శుభ్రంగా చేసింది, పదకొండు తీగలకూ పసుపు బొట్టు కూడా పెట్టింది.

"ఏం ఫికర్ లేదు," అన్నాడు సేటు నవ్వుతూ. "కట్టిన మనిషే ఉన్నడు గదా. మునీర్ సాబ్, పెట్టుండ్రి. అందరు చూస్తరు." అంటూ గోడ మీద స్విచ్చు కూడా వేసి సిద్ధంగా ఉంచాడు.

బీరువా పక్కనే కూర్చున్న మునీర్ సాబ్ లేచాడు. అష్రఫ్ గోడ పక్కన ఆడవాళ్లలో ఉంది. ఆయనకు భయం లేదు. దారాలు కత్తిరించారన్న మాట ఆ గోలలో ఆయన చెవిన పడలేదు. బీరువా పక్కన మోకాళ్ల మీద కూర్చొని తీగల కట్ట చేతిలోకి తీసుకున్నాడు. మొదటి తీగ కొస తడిమాడు. ముడి లేదు. రెండోది తడిమాడు. లేదు. మూడోదాని మీద వేళ్లు వెతుక్కుంటూ పోయాయి, వెనక్కి వచ్చాయి. నున్నగా, పసుపు తడితో, అన్నీ ఒక్కతీరే ఉన్నాయి. ఎవరో దగ్గారు.

ఆయన మనిషే కదా, రోషం ఉంటుంది కదా. వందమంది చూస్తుండగా తెల్లమొహం వేయలేక, చేతికందిన తీగను పట్టుకొని కరెంటు బోర్డు వైపు చాచాడు. అది స్పీకరు తీగ. రెండు రాగి కొసలూ బోడిగా బయటికే ఉన్నాయి, ఆయన బొటనవేలు వాటి మీదే ఉంది.

"అబ్బా, ఆగు!"

ఆ కేకకు హాలంతా ఉలిక్కిపడింది. అష్రఫ్ ఒక్క అంగలో వెళ్లి గోడ మీది స్విచ్చు ఆపేసి తండ్రి చెయ్యి పట్టుకుంది. మునీర్ సాబ్ ఆమె చెవి దగ్గర ఉర్దూలో గొణిగాడు, మోకాళ్లు నొప్పులని చెప్పు, నువ్వు పెట్టెయ్యి, ఎవరికీ ఏమీ తెలియదు అని.

చెప్పవచ్చు. ఒక్క చిన్న అబద్ధం. ఆరేళ్ల అబద్ధానికి ఇంకో జానెడు కలిపితే బీరువా వెలుగుతుంది, శాలువా వస్తుంది, రైలెక్కి ఇంటికి పోవచ్చు. మళ్లీ పరదా, మళ్లీ "నేనే". అష్రఫ్‌కు ఆ క్షణంలో వచ్చింది దుఃఖం కాదు, కోపం. తండ్రి మీద కాదు, ఇందిరమ్మ మీద కూడా కాదు. ఇప్పుడే బొగ్గయిపోయి ఉండాల్సిన ఆ బొటనవేలు, ఆరేళ్లుగా నోరెత్తని తన చేతులు, ఇవన్నీ ఆ కోపంలో ఉన్నాయి.

ఆమె లేచి నిలబడింది. "సేటూ, మా అబ్బకు కండ్లు కనపడవు. ఆరేండ్లాయె. గీ బీరువల ఒక్క తీగ గూడ ఆయన కట్టలే. నేను కట్టిన."

దశరథం సేటు మొహం పప్పులో రాయి తగిలినట్టు అయింది. "ఏంది? ఎవల్ని నమ్మించినట్టు గిది? బజారంత మునీర్ సాబ్ చేసిండని చెప్పుకున్న నేను!"

"చెప్పుకున్నరు. ఇప్పుడు అష్రఫున్నీసా చేసిందని చెప్పుకోండ్రి."

"ఆడపిల్ల కట్టిన కరెంటా? ఇల్లు గాలితే?" అన్నాడు వెనుక నుంచి ఒక పెద్దమనిషి.

"రేపు కాలుడు కాదు కాకా, ఇప్పుడే కాలుతుండె. ఆపింది ఎవరో చూస్తిరి గదా!"

"అమ్మాయే కట్టింది, హౌదు, అవును," అన్నాడు గోడకు ఆనుకొని ఉన్న జంగప్ప, ఎవరూ అడగకుండానే. "నాకు ఎలుకతొర్రలు పెట్టుమన్నదీ ఆమెనే. ఆ తొర్రల ఎంబడి తీగ ఎట్ల పోతదో ఆమెకే తెలుసు. చూడుండ్రి."

సేటు ఏదో అనబోయాడు. ఆమె ఆయనకు వంతు ఇవ్వలేదు. కొంగు నడుముకు బిగించి బీరువా వెనక్కి వెళ్లి కట్ట విప్పింది. ఏ తీగ ఎంత పొడవు కోసిందో, ఏది ఎక్కడ వంగుతుందో ఆమెకు తెలుసు; తల్లికి పిల్లల చెప్పుల జతలు తెలిసినట్టు. చేతులు పని చేస్తుంటే నోరు పైకి చెప్పుకుంటూ పోయింది, అందరికీ వినపడేలా. ఇది టీవీ కరెంటు. ఇది డెక్కుది. ఇది వీసీఆర్ నుంచి బొమ్మ తీసుకుపోతది. ఇది ఏంటెన్నా, డాబా మీదికెళ్లి వచ్చింది. ఇది కుడి స్పీకరు, మా అబ్బ పట్టుకున్నది ఇదే. పదకొండూ అయ్యాయి. బయటికి వచ్చి స్విచ్చు వేసింది.

ఎర్రదీపం వెలిగింది. తెర మీద పెళ్లికూతురు తలవంచుకొని నవ్వింది, రెండు స్పీకర్లలోంచి సన్నాయి ఒక్కసారిగా హాలు నిండా పరుచుకుంది. గుర్రుమనే చప్పుడు ఒక్క చుక్క లేదు. ఆడవాళ్లంతా "అగో, అగో" అన్నారు. ఇందిరమ్మ కూతుర్ని చూసుకొని కళ్లొత్తుకుంది.

దశరథం సేటు మాత్రం శాలువా చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. ఊళ్లో పెద్దవాడు, మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు. "శాలువ మునీర్ సాబ్ పేరు మీద తెచ్చిన. గాయనకే కప్పుత," అని ముసలాయన భుజాల మీద వేశాడు. మునీర్ సాబ్ ముళ్లకంప కప్పినట్టు కదలకుండా కూర్చున్నాడు.

"కప్పుండ్రి సేటూ," అంది అష్రఫ్. "నాకు శాలువ అక్కర లేదు. జంగప్ప కాకా, నీ పెన్సిల్ ఇయ్యి."

జంగప్ప చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చాడు.

"మునీర్ సాబ్ పేరే రాయి బిడ్డ," అన్నాడు సేటు. ఇప్పుడు గొంతులో అధికారం కంటే బతిమాలడం ఎక్కువుంది. "ఆ పేరుకు ఇజ్జత్ ఉన్నది. నీ పేరు ఎవరికి ఎరుక?"

"రాయను. ఆరేండ్లు రాసిన, చాలు. తీగ ఒక్కటి గూడ కనపడొద్దన్నరు మీరు, కనపడనియ్యలే. నేను తీగను కాదు సేటూ."

టేకు పలక లోపలివైపు, అందరూ చూస్తుండగా, తెలుగులో, పెద్ద అక్షరాలతో, అష్రఫున్నీసా, వికారాబాద్, అని రాసింది. కింద తారీఖు వేసింది. "తుడుస్తనంటే తుడుచుకోండ్రి. ఖరాబైనప్పుడు మాత్రం వికారాబాద్‌కే రావాలె."

తిరుగు రైల్లో శాలువా మడతపెట్టి ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. వికారాబాద్ దగ్గర పడుతుండగా మునీర్ సాబ్ అన్నాడు. "నా కండ్లను బజార్ల పెట్టినవ్ బిడ్డ."

"మీ కండ్లు కాదు అబ్బా. నా చేతులు పెట్టిన."

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. దిగేటప్పుడు శాలువా ఆయన తీసుకోలేదు. ఆమె తీసుకుంది. కోపం వేరు, ఉన్ని వేరు.

మర్నాడు పొద్దున అష్రఫ్ మొదట చేసిన పని పరదా తీసేయడం. బల్లను ముందుకు జరిపి, రోడ్డు మీదికి కనపడేలా కూర్చుంది. అక్కడినుంచి చూడాలి తమాషా. వారం తిరక్కముందే తాండూరు కబురు వికారాబాద్‌కు చేరింది. రిపేరుకిచ్చిన రేడియోలు నలుగురు అట్లాగే వెనక్కి తీసుకుపోయారు. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి "గుడ్డి ఉస్తాద్, ఆడ మెకానిక్" అని నవ్వుకున్నవాళ్లున్నారు. నవ్విన నాపచేనే పండుతుందని సామెతకేం, చెప్పడానికి సులువే. పండేదాకా తినేదేమిటో సామెత చెప్పదు. పొయ్యి మీద జొన్నగటక తప్ప ఇంకోటి ఉడకలేదు. మునీర్ సాబ్ తన స్టూలు మీద తాను కూర్చుంటున్నాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం మాత్రం మానేశాడు. బిడ్డతో మాట లేదు. ఆమె తల వంచుకొని పాత సెట్లు విప్పి, పనికొచ్చేవి వేరు చేసి, ఎవరి కోసమో తెలియకుండానే తీగలకు ముడులు వేస్తూ ఉండేది. తండ్రి చేతికి ఇచ్చేది. ఆయన తడిమి చూసి తిరిగి ఇచ్చేవాడు.

దీపావళి పోయిన నాలుగో రోజు నవాబుపేట నుంచి ఒక రైతు గోనెసంచిలో పెద్ద రేడియో పెట్టుకొని వచ్చాడు. మనిషి కొత్త. తాండూరు వడ్రంగి ఒకాయన ఈ దుకాణం చెప్పాడట. గుమ్మంలో సంచి దింపి, చెమట తుడుచుకొని, పెద్దమనిషిని చూసి ఆయననే అడిగాడు.

"మెకానిక్ ఎవరు?"

అష్రఫ్ చేతిలో ఇనుము ఆగిపోయింది. మునీర్ సాబ్ అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి చాచి, బిడ్డ కూర్చున్న చోటు వెతుక్కొని, ఆమె తల మీద పెట్టాడు.

"ఆమెనే. అష్రఫున్నీసా," అన్నాడు. "నేను ఆమె అబ్బను."